గుట్ట సైకిలు

మా ముత్తాత సోమశేఖర బహద్దరు గారు మన్యం అంచున పదకొండు ఊళ్లకు జమీందారు. ఘాటీ ఎక్కే బండి ఏదైనా మా దివాణం ముందు ఆగి, బండివాడు దిగి దండం పెట్టాకే కదిలేది. మా తాత విశ్వేశ్వర బాబు గారు ఆనరరీ మేజిస్ట్రేటు. ఆయన వరండాలో కూర్చుని ఉంటే జనం చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటేవారు. మా నాన్న రాజశేఖర బాబు గారు కొన్నాళ్లు సహకార బ్యాంకుకి డైరెక్టరు, ఆ తర్వాత ఎవరికీ ఏమీ కాదు. నేను మెల్‌బోర్న్ పడమటి కొసన టార్నీట్‌లో ఉంటూ గీలాంగ్‌లో ఒక గోడౌను ఆఫీసులో పని చేస్తాను. శనివారాలు కూడా వెళ్లాలి. ఇదంతా ముందే చెప్పటం ఎందుకంటే, నేను రాయబోయే మనిషి నన్ను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా "దొరా" అనే పిలిచాడు. అందులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న శనివారం పొద్దున రైల్లో సైకిళ్లు పెట్టే చోట నిలబడి ఉన్నాను. టికెట్లు చూసే ఆవిడ వచ్చి, నా కార్డు చూసి, పక్కనున్న ఖాళీ జాగా వైపు గడ్డం ఎత్తి, "వేర్స్ యువర్ మేట్? ద బైక్ ఫెలా?" అంది.

"హీ డజంట్ కమ్ ఎనీ మోర్" అన్నాను.

"షేమ్. నైస్ బ్లోక్" అని, అయ్యో పాపం అన్నట్టు తల ఊపి, ముందుకు వెళ్లిపోయింది.

ఆ రోజు ఆఫీసులో పనికి చెయ్యి ఆడలేదు. సాయంత్రం అతని భార్యకు ఫోను చేసి, ఆయన గురించి రాద్దామనుకుంటున్నాను అన్నాను. ఆమె పిల్లల్ని పక్క గదిలోకి పొమ్మంది. తర్వాత, "రాయుండ్రి అన్నా. దాచకుండ అన్నీ రాయుండ్రి. పేరొక్కటి ఎయ్యకుండ్రి" అంది. కాబట్టి ఇందులో అతని పేరు లేదు.

హనుమకొండ వైపు మనిషి. నలభై దాటిన వయసు, పొట్టి, గట్టి భుజాలు, మెడ ఉందా లేదా అన్నట్టు ఉండేవాడు. ఐటీలో టెస్టింగు ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే. నేను మొదటిసారి చూసినప్పుడు టార్నీట్ ప్లాట్‌ఫాం మీద మోకాళ్ల మీద కూర్చుని, పాత తువ్వాలుతో సైకిలు టైర్లు తుడుస్తున్నాడు, తలంటిన పిల్లవాణ్ణి తుడిచినట్టు. లావు టైర్లు, ముళ్లు ముళ్లుగా ఉండేవి. హెల్మెట్ కింద మంకీ క్యాపు. నన్ను చూసి, "రైలు ఖరాబైతదని ఎవరన్నా అంటే బాధ గదా" అన్నాడు తెలుగులోనే. నేను తెలుగువాణ్ణని ఎలా తెలిసిందో అడిగాను.

"నిలబడ్డ తీరు చూస్తే తెల్వదా? టికెట్ కొన్న మనిషి గట్ల నిలబడడు, రైలు కొన్న మనిషి నిలబడతడు. మీరు దొరలా?"

ఔనని చెప్పలేదు, కాదని చెప్పటం నాకు చేతకాదు. ఆ రోజు నుంచి నేను దొరని.

ఆ సైకిలును అతను మౌంటెన్ బైక్ అనేవాడు కాదు, "గుట్ట సైకిలు" అనేవాడు. దాన్ని తొక్కటానికి అతను వెళ్లే చోటు ఆట్వేస్ కొండల్లో ఉంది. అక్కడ అడవిలో సైకిళ్ల కోసమే బాటలు వేసి, ఒక చిన్న కేంద్రం పెట్టారు. కారుంటే పొద్దున బయల్దేరి, తొక్కి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. అతను కారులో వెళ్లేవాడు కాదు. టార్నీట్‌లో రైలెక్కి గీలాంగ్‌లో మారి, రోజుకి నాలుగైదే ఉండే వార్నంబూల్ రైలు పట్టుకుని, బిర్రెగర్రా అనే చిన్న స్టేషన్లో దిగేవాడు. అక్కడి నుంచి కొండ దాకా బస్సు లేదు. పాల ట్యాంకర్లు, దుంగల లారీలు తిరిగే రోడ్డు మీద తొక్కుకుంటూ పోవాలి. రోడ్డుకి అంచు ఉండదు, గడ్డి, గడ్డి తర్వాత కంచె. అదంతా అయ్యాక కొండ మొదలవుతుంది. మిగతావాళ్లు కార్లో వచ్చి తాజాగా దిగేచోట ఇతను అప్పటికే సగం అలిసి ఉండేవాడు. సాయంత్రం మళ్లీ అదే దారి. పట్టాల మీద మరమ్మతులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, బస్సులో సైకిలు ఎక్కనివ్వరు. అలా ఒకసారి దారిలో చిక్కుకుపోయి, చీకటి పడ్డ హైవే మీద గీలాంగ్ దాకా తొక్కుకుంటూ వచ్చానని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

రైల్లో సీటు ఎంత ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. సైకిలు పక్కనే, చువ్వకి ఆనుకుని. రేకు కాగితంలో సర్వపిండి తెచ్చుకుని సగం విరిచి నాకిచ్చేవాడు. "తిను దొరా, ఎంగిలి గాదు." మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ముక్కు పైకెత్తి, "ఏదో కాలిన వాసన వస్తున్నదా? రబ్బరు లెక్క?" అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. సరే అని తల ఊపి, చువ్వని రెండు చేతులతో పట్టుకుని, కొంతసేపు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆ కాసేపూ అతని ముఖం ఎవరో గదిలోంచి బయటికి వెళ్లి తలుపు వేసినట్టు ఉండేది. తర్వాత మళ్లీ మామూలే.

టార్నీట్‌లో కారు లేని మనిషి ఉండడు. అతనికీ ఉంది, గరాజులో, ఆదివారం ఆదివారం కడిగేవాడు. అందుకే ఆ సైకిలు మావాళ్లందరికీ ఒక వినోదం. ఒకసారి పార్కులో ఎవరి పిల్లదో పుట్టినరోజు, బార్బెక్యూ పెట్టారు. అక్కడ గుంటూరాయన ఒకడు పొయ్యి దగ్గర చికెన్ తిప్పుతూ అందుకున్నాడు.

"ఏం బావా, గరాజులో కారు గురక పెడతంటే నువ్వు రైళ్లెంట సైకిలు మోసుకు తిరగటమేంది? పెట్రోలుకి చాలట్లేదా, చందాలు ఎయ్యమంటావా?"

"కార్ల పోతే గుట్టకి మర్యాదేముంటది బావా?"

"మర్యాదా! కొండకి కూడా అల్లుడి మర్యాదలా? వచ్చే శనివారం నా యూట్‌లో, వెనక తొట్టిలో పడేద్దాం సైకిలు. నేనూ వస్తా, ఫొటోలు తీస్తా."

"వద్దు. రైల్ల పోవాలె, తొక్కుకుంట పోవాలె. లేకుంటే నా లెక్కల పోయినట్టే గాదు."

"అంకుల్, డు యు డు జంప్స్?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. "యెస్ బేబీ, బిగ్ జంప్స్" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒకాయన, చేతులు కట్టుకుని, చెట్టుకి ఆనుకుని వింటున్నాడు. ఆయన టూవూంబాలో ఉండే ఒక డాక్టరు గారి తోడల్లుడు. అప్పుడు ఆ డాక్టరు గారి అమ్మాయికీ, పెర్త్ దగ్గర పియారా వాటర్స్‌లో ఉండే మా సైకిలాయన తమ్ముడికీ సంబంధం నడుస్తోంది. వాకబు చెయ్యమని తోడల్లుడికి అప్పగించారు. మన వాకబు సంగతి తెలిసిందే: చదువూ ఉద్యోగమూ పైకి అడుగుతారు, వంశంలో జబ్బులు పక్కవాళ్ల నోట్లోంచి రాబడతారు.

ఆ తర్వాతి నెలలో ఒక శనివారం, పెట్టెలో మేమిద్దరమే ఉన్నాం. ఏదో చెబుతూ ఆగిపోయాడు. వాసన గురించి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. చువ్వ వదిలేసి, చెట్టు కూలినట్టు వెనక్కి పడిపోయాడు. సైకిలు అతని మీద పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, పళ్లు బిగిసిపోయాయి. సైకిలు లాగేశాను, తల కింద నా కోటు పెట్టాను, పక్కకి తిప్పాను. ఆ పైన నా చెయ్యి నన్ను అడక్కుండా జేబులోకి వెళ్లి, ఇంటి తాళాల గుత్తి తీసి, అతని పిడికిట్లో పెట్టింది. ఇనుము పెడితే ఆగదని నాకు తెలుసు. మా ఊళ్లో అలా పెట్టేవారు, పెట్టాను.

ఆగింది. చాలాసేపటికి కళ్లు తెరిచి, ముందు సైకిలు ఎక్కడుందో చూశాడు. తర్వాత పిడికిలి విప్పి తాళాలు చూశాడు.

"మా అమ్మ గూడ గిట్లనే పెట్టేది" అన్నాడు.

ఫిట్స్ చిన్నప్పుడు వచ్చి, తగ్గి, ఇక్కడికొచ్చాక మళ్లీ మొదలయ్యాయట. ఆ కాలిన వాసన వాటికి ముందు గుర్తట. డాక్టరు కారు నడపొద్దన్నాడు, లైసెన్సు ఆపేశారు. "కారు ఎందుకు నడుపుతలేవని ఒక్కొక్కడు అడుగుతున్నడు. ఏం చెప్పాలె? భార్యకు డ్రైవింగ్ రాదు. అప్పుడు ఒక దుకాణంల ఈ సైకిలు కనబడ్డది. గుట్ట సైకిలు పిచ్చి పట్టిందని చెప్పుకున్న. అందరు నమ్మిన్రు. కానీ పిచ్చి ఉన్నోడు గుట్టకి పోకుండ ఉంటడా? పోవాల్సొచ్చింది."

"ఆ గుట్ట మీద ఇలా వస్తే?"

"అడుగుతరేంది దొరా, నాకు తెల్వదా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవ్వరికి చెప్పకుండ్రి. ఇది బయటపడితే మా తమ్ముని సంబంధం ఆగుతది. వాళ్లింట్ల ఫిట్స్ ఉన్నయట అంటరు, గంతే. వానికి ఇప్పటికే రెండు తప్పిపోయినయి."

మాటిచ్చాను. ఇవ్వటంలో నాకు కష్టం కలగలేదు. మా తాత విశ్వేశ్వర బాబు గారు బోయీలకు జీతాలివ్వలేని ఏడాది మేనా మానేసి, ఆరోగ్యం కోసం నడవమని డాక్టరు చెప్పాడని ఊరంతా చెప్పుకున్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన పొద్దునా సాయంత్రమూ ఊరి చివరిదాకా నడవాల్సి వచ్చేది, లేకపోతే జనం నమ్మరు. నడిచి నడిచే మంచాన పడ్డారు. మా ఇంట్లో దీన్ని ఎవరూ అబద్ధం అనలేదు. పరువు అన్నారు. నేనూ అంతే అంటాను.

కానీ ఆ శనివారం నుంచి రైలు దిగాక ఆఫీసు వైపు నడుస్తుంటే వెనక్కి చూడటం అలవాటైంది. గీలాంగ్ ప్లాట్‌ఫాం మీద అతను సైకిలు పక్కన నిలబడి ఇంకో రైలు కోసం చూస్తూ ఉండేవాడు. సోమవారం అతని దగ్గర నుంచి మెసేజి వచ్చేదాకా నేను మనిషిని కాదు. మెసేజి అంటే ఏమీ లేదు, బురద పట్టిన టైరు ఫొటో.

ఒక ఆదివారం ఉండలేక కారు తీసుకుని ఆ కేంద్రానికి నేనే వెళ్లాను. ఆ వారం శనివారం మాని ఆ రోజు వెళతానని అతను చెప్పి ఉన్నాడు. కారు పార్కింగు నిండా కార్లు, వాటి వెనక సైకిళ్లు వేలాడదీసే కమ్మీలు. సైకిళ్లు కడుక్కునే పైపు, బాటల పటం వేసిన బోర్డు, కాఫీ అమ్మే బండి. దాని వెనక అడవి. ఆ చెట్లు ఎంత ఎత్తంటే, కింద నిలబడ్డవాడికి మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుంది. ఫర్న్ మొక్కల మధ్య నుంచి సన్నని బాట ఒక మలుపు తిరిగి మాయమైపోతుంది. లోపలికి వెళ్లినవాడి మాట వినపడదు, టైరు చప్పుడు కూడా వినపడదు. ఫోన్ చూసుకున్నాను, సిగ్నల్ లేదు.

చాలాసేపటికి రోడ్డు మీద అతను కనిపించాడు. అతని వెనకే దుంగల లారీ ఒకటి నెమ్మదిగా వస్తోంది, దాటటానికి చోటు లేక. అతను పక్కకి తప్పుకోగానే లారీ వెళ్లిపోయింది, ఆ గాలికి మనిషి ఊగాడు. గేటు దగ్గర నలుగురు కుర్రాళ్లు అతన్ని గుర్తుపట్టి కేకలు వేశారు.

"యు రోడ్ ఫ్రమ్ ద స్టేషన్ అగెయిన్? లెజెండ్!"

"ఎవ్రీ టైమ్, మేట్" అన్నాడు. అప్పుడు అతని ముఖం చూశాను. రైల్లో, పార్కులో, ఇంట్లో ఎక్కడా ఆ ముఖం లేదు. తర్వాత నన్ను చూశాడు.

"ఏం దొరా, కావలి కాయనీకొచ్చిన్రా?"

"సంబంధం కుదిరింది కదండీ, ముహూర్తం కూడా పెట్టారు. ఇంకెందుకు ఇదంతా? తోడల్లుడు గారి వాకబు అయిపోయింది."

"మొదట్ల యాక్టింగ్ చేసిన. ఇప్పుడు చేస్తలేను." మంకీ క్యాపు సర్దుకుని, హెల్మెట్ బకిలు పెట్టుకున్నాడు. "మీరు కాఫీ తాగుండ్రి."

మలుపు దగ్గర ఫర్న్ ఆకులు కాసేపు ఊగి ఆగిపోయాయి. అతను తిరిగి వచ్చేదాకా నేను కాఫీ తాగలేదు. వచ్చాడు, మోచేతి నిండా బురద, నవ్వుతూ. కారులో దింపుతానంటే వినలేదు.

పెళ్లి టూవూంబాలో ఘనంగా జరిగింది. తిరిగి వచ్చాక రైల్లో మళ్లీ అడిగాను. పెళ్లి అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తే ఏమవుతుంది? మంచి డాక్టరు ఇంట్లోనే ఉన్నాడు, మందు మార్పిస్తాడు.

"పెండ్లికి ముందు చెప్తే జబ్బంటరు. పెండ్లయినంక చెప్తే మోసమంటరు" అన్నాడు.

చివరిసారి చూసిన రోజు చలికాలం, కిటికీ అద్దాలకి లోపల ఆవిరి పట్టింది. అతను సర్వపిండి విప్పలేదు. టికెట్లు చూసే ఆవిడ వచ్చినప్పుడు ఆమెను అడిగాడు, నన్ను కాదు: "ఈజ్ సంథింగ్ బర్నింగ్?" ఆమె గాలి పీల్చి చూసి, "నో, లవ్" అంది. అతను నా వైపు చూడకుండా చువ్వని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఏమీ రాలేదు. గీలాంగ్ వచ్చింది. దిగాం. అవతలి ప్లాట్‌ఫాం మీద వార్నంబూల్ రైలు నిలబడి ఉంది.

"ఇవాళ వద్దు. నాతో ఆఫీసుకి రండి, కూర్చోండి. సాయంత్రం కలిసి వెళదాం" అన్నాను.

"నాకేం గాలేదు."

నేను సైకిలు హ్యాండిలు పట్టుకున్నాను. నా జన్మలో ఎవరి వస్తువునీ అలా పట్టుకోలేదు. జనం చూస్తున్నారు. అతను నా చేతి వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు. గొంతు పెంచలేదు.

"దొరా, చెయ్యి తియ్యి. నేను నీ జీతగాన్ని గాను."

అన్నాళ్లలో అతను నన్ను 'నువ్వు' అనటం తినమన్నప్పుడు తప్ప వినలేదు. చెయ్యి తీశాను. అతను సైకిలు ఎత్తి రైలెక్కించాడు. తలుపు మూసుకునే ముందు, "సోమవారం ఫొటో పంపుత" అన్నాడు.

బాట మీద అన్నిటికంటే తేలికైన ఎక్కుడులో, చిన్న వాగు దాటే చోట, వెనక వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు అతన్ని చూశారు. సైకిలు గట్టు మీద ఉంది. అతను బోర్లా, వాగులో. ఆ నీళ్లు చీలమండ మునిగేంత కూడా లేవని, తర్వాత వచ్చిన పోలీసు అమ్మాయి అతని భార్యతో చెప్పింది. ఎందుకు చెప్పిందో, చెప్పకుండా ఉండాల్సింది.

టార్నీట్‌లో అందరూ గుండెపోటు అన్నారు. ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మగవాళ్లం నిలబడి ఉన్నాం. గుంటూరాయన గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు: "యూట్‌లో తీసుకెళ్తానంటే ఇన్లేదు నా బావ." టూవూంబా నుంచి డాక్టరు గారు వచ్చారు. నెరిసిన జుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను పక్కకి పిలిచారు.

"రైల్లో మీరు కలుస్తుండేవారట. ఆయనకి మూర్ఛ ఉండేదా?"

"నాకు తెలియదండీ" అన్నాను. నేనిచ్చిన మాటకి గడువు లేదు.

ఆయన తల ఊపారు. "నాకు తెలుసులెండి. కారు గరాజులో పెట్టి సైకిలు తొక్కుతున్నాడని మా తోడల్లుడు చెప్పిన రోజే అనుకున్నాను. ఆ వయసులో లైసెన్సున్నవాడు ఉన్నట్టుండి స్టీరింగు ముట్టకపోతే ఏమిటో రోజూ చూస్తూనే ఉంటాను. సంబంధానికి అదేం అడ్డం కాదు నాకు. పిలిచి అడుగుదామనుకున్నాను. పెళ్లికొడుకు అన్నగారు, నలుగురిలో పెద్దరికంగా తిరుగుతున్న మనిషి, అడిగితే చిన్నబుచ్చినట్టు అవుతుందని ఊరుకున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మందు మారిస్తే సరిపోయేదేమో."

నేను నిటారుగా నిలబడి విన్నాను. ఇంకేం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. లోపల అతని తమ్ముడు, రెండు చేతులతో తల పట్టుకుని, చెప్పుల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. అన్న ఎందుకు తొక్కాడో వాడికి అప్పటికింకా ఎవరూ చెప్పలేదు. తర్వాత వదిన చెప్పింది. వాడే వచ్చి ఆమెనూ పిల్లలనూ పియారా వాటర్స్‌కి తీసుకెళ్లాడు.

టార్నీట్ ఇల్లు వేసవి మొదట్లో అమ్మేశారు. అమ్మకపు ప్రకటనలో, రైల్వే స్టేషనుకి నడిచి వెళ్లేంత దూరం, కారు అవసరం లేదు అని రాశారు.